నాణెమునకు నాణ్యము చెప్పువారు

మన భాషలో నాణెమను మాటకు రెండర్థములు కలవు. చేతినుండి చేతికి పోవు ముద్రవేసిన లోహపు బిళ్ల ఒకటి; మేలు, నిక్కము, కల్తీ లేనితనము మరియొకటి. నాణెమైన సరకు, నాణెమైన మనిషి యని మన పెద్దలనుచుండిరి. డబ్బునకును మంచితనమునకును ఒకే మాట వాడిన మన పూర్వులు ఆ రెండును ఒక్కటే యని తలచి యుండరు. బిళ్ల చేతికి వచ్చినప్పుడెల్ల అది నిక్కమైనదేనా యని విచారింపవలసి వచ్చుటచేత నీ రెండర్థములు కలిసిపోయెనని మేమనుకొందుము. ఆ విచారణ చేయవలసినవారెవరు? దేనిని గూర్చి చేయవలెను? చేసినమీదట వచ్చిన సమాధానము ఎవరిది? ఇటీవల దేవరుప్పులలో నొక యింటి చావడిలో కూర్చుండగా నీ ప్రశ్న మా యెదుటికి వచ్చినది.

ఆ యింటి మనుమడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు, చదువుకొన్నవాడు, బుద్ధిమంతుడు. వాని బాపమ్మకు తొంబదియేండ్లు నిండవచ్చినవి. ఆమె సందుగలో ఒక రూపాయల దండ యున్నది. నిజాము కాలపు చార్మినారు రూపాయలు పదకొండు, టంకముతో కొండ్లు అతికించి దారమునకు కూర్చినవి. ఇవి గాక ఒక చిన్న డబ్బాలో, గుడ్డపీలికలో చుట్టి, విడి రూపాయి మరియొకటి. అమెరికాలో నాణెములను పరీక్షించి, శ్రేణి నిర్ణయించి, అంకె వేసి, గాజువంటి ప్లాస్టిక్ పెట్టెలో బంధించి యిచ్చు సంస్థలున్నవనియు, అట్టి పెట్టెలోని నాణెము విడి నాణెముకంటె పలురెట్లు పలుకుననియు మనుమడు విన్నాడు. వీనిని పంపవలెనా, వద్దా? మమ్ములనడిగెను. మేము నాణెశాస్త్రము చదివిన పండితులము కాము; పాత రూపాయలను కొంతకాలము చూచినవారము మాత్రమే. అయినను అడిగినవానికి నోటికి వచ్చినది చెప్పి పంపుట తగదని తోచి, ఆలోచించితిమి. ఆ ఆలోచనయే యీ వ్యాసము.

మొదట శ్రేణి నిర్ణయమనునదెట్లు పుట్టినదో చూడవలెను. నేడు వాడుకలోనున్నది ఒకటి మొదలు డెబ్బదివరకు అంకెలు గల కొలత. ఒకటి యనగా గుర్తుపట్టుటకు మాత్రమే వీలైనంతగా అరిగినది. డెబ్బది యనగా ముద్రాశాలనుండి వచ్చిన నాటి తీరున మచ్చలేనిది. దీనిని కల్పించినవాడు విలియం షెల్డన్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు. 1949లో ప్రకటించిన తన గ్రంథములో, ఆ దేశపు పాత రాగి సెంట్ల వెలలను పోల్చుటకై దీనిని కూర్చెను. మిక్కిలి అరిగిన నాణెము ఒక డాలరు చేయునెడల, అదే నాణెము నిర్దోషమైనది డెబ్బది డాలర్లు చేయుచుండెనట. అందుచేత డెబ్బది. అనగా ఆ యంకె మొదట అందమునకు కొలత కాదు. అంగడి ధరకు నీడ. ధరను చూచి అంకె వేసిరి. ధరలు మారిపోయినవి, ఆ నిష్పత్తి ఎన్నడో చెడినది, అంకె మాత్రము నిలిచినది. నేడు జనులు ఆ యంకెను చూచి ధర కట్టుచున్నారు! ధరకు పుట్టిన బిడ్డ ధరకు తండ్రియై కూర్చుండుట మా కాశ్చర్యమును గొలిపినది. లోకములో నిట్టివి మరికొన్ని యున్నవి. పరీక్షలో వచ్చిన మార్కులు పిల్లవాని తెలివిని చూపుటకు పుట్టినవి. తరువాత తెలివియనగా మార్కులే యైనది. కట్నము సంగతి చెప్పనే యక్కరలేదు. పిల్లవాని చదువునుబట్టి కట్నము కట్టిరి. పిమ్మట కట్నమునుబట్టి పిల్లవాడు గొప్పవాడైనాడు.

షెల్డన్ కథ అంతటితో ముగియలేదు. ఆయన 1977లో మరణించెను. ఆ తరువాత, న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి భాండారములో మేలైన పాత సెంట్లు కొన్ని మాయమై, వాని స్థానమున తక్కువరకము నాణెములు ఉన్నట్లు బయటపడెను. మార్చినవాడు ఆ షెల్డన్ మహాశయుడే యని తేలినది. ఆ నాణెములను తెలియక కొన్నవారికిని సొసైటీకిని నడుమ తగవు న్యాయస్థానములకెక్కినది. నాణెముల తారతమ్యమును లోకమునకు నేర్పినవాని నాణెము ఇట్టిది. కొలత కల్పించినవాడు చెడ్డవాడైనంతమాత్రమున కొలత చెడదని మేమెరుగుదుము. కాని మంచి చెడ్డలను కన్నుతో కనిపెట్టగల నేర్పు వేరు, చేతిని అదుపులో నుంచుకొను నేర్పు వేరు. మొదటిదానిని చూచి రెండవదానిని నమ్ముట మానవుల కలవాటు.

ఈ కొలతను చేబట్టి ఇతరుల నాణెములకు రుసుము తీసికొని తీర్పు చెప్పు సంస్థలలో పెద్దవి రెండు. ఒకటి 1986లోను, మరియొకటి 1987లోను అమెరికాలో పని ప్రారంభించినవి. అవి మోసపు సంస్థలని మేమనము. అవి రాక పూర్వము అమ్మువాడు తన నాణెమును ఆకాశమున కెత్తును, కొనువాడు పాతాళమునకు త్రొక్కును. నడుమ తెలియనివాడు నష్టపోవును. అమ్మకమున లాభముగాని కొనుగోలున లాభముగాని లేని మూడవవాడు చూచి చెప్పుట న్యాయమునకు దగ్గర. మన యిండ్లలో గృహిణులు బంగారముపై హాల్‌మార్కు ముద్ర ఉన్నదా యని అడుగుట నేర్చుకొన్నారు. 2000వ సంవత్సరమున మొదలైన ఆ పద్ధతి 2021 జూన్ నుండి అనేక జిల్లాలలో నిర్బంధమైనది. అది మేలే చేసినది. తరతరములుగా కంసాలి మాటయే శాసనముగా మోసపోయిన స్త్రీలకు ఆ చిన్న ముద్ర ఒక రక్ష. ఐతే హాల్‌మార్కు లోహమును గూర్చి చెప్పును. బంగారమెంత, కల్తీ ఎంత అనునది ఎవరు పరీక్షించినను ఒక్కటే. అరవదిమూడా, అరవదినాలుగా యనునది మాత్రము చూచువాని కన్నునుబట్టి యుండును. ఒకసారి వచ్చిన అంకె నచ్చక పెట్టె పగులగొట్టి, అదే నాణెమును మరల పంపి, మరియొక అంకె తెచ్చుకొనువారు ఆ దేశమున నున్నారు. ఒక్కొకప్పుడు ఎక్కువే వచ్చునట. కోర్టు పక్షి అప్పీలు చేసికొన్నట్లు!

మన సీమలో ఈ పని పూర్వమెవరు చేసిరి? సరాఫు చేసెను. రూపాయిని బండపై విసరి మ్రోత వినెను. బంగారమైన గీటురాయిపై గీచెను. అనుమానమున్న వట్టము పట్టెను. హైదరాబాదు రాజ్యమున హాలీ సిక్కా యనియు, బ్రిటిషు వారి కల్దారు అనియు రెండు రూపాయలు నడచినవి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లను లెక్క సుమారుగా వాడుకలో నుండెను. ఆ లెక్క గాలిలోనుండి రాలేదు. చార్మినారు రూపాయి తూకము 11.178 గ్రాములు, అందు వెండి వేయింటికి 818 పాళ్లు. కల్దారు తూకము 11.66 గ్రాములు, 1940లో వెండి తగ్గించువరకు వేయింటికి 917 పాళ్లు. గుణించి చూచినయెడల ఏడు హాలీలలో వెండి సుమారు 64 గ్రాములు, ఆరు కల్దార్లలోను సుమారు 64 గ్రాములే. అక్షరము రాని రైతుకూడ ఈ లెక్క నోటికి చెప్పెను. నాణెము గొప్ప అప్పుడు దాని లోపల నుండెను. ఇప్పుడు దాని చర్మముపై నున్నది. నాడు నూరు చేతులు మారి అరిగిన రూపాయి ఇంచుమించు రూపాయియే. నేడు ఎవరి చేతికిని పోని రూపాయియే మహారాజు. నాణెముగా పుట్టి నాణెముపని చేయనిదే మేలైన నాణెమనుట విచిత్రముగాదా?

ఇక ఆ యింటి దండ సంగతి. పదకొండు రూపాయలను భూతద్దముతో చూచితిమి. చార్మినారు ద్వారమున మహబూబ్ అలీ కాలపు మీమ్ అక్షరము గలవి మూడు, ఉస్మాన్ అలీ కాలపు ఐన్ అక్షరము గలవి ఎనిమిది. ఒకదానిపై 1321 హిజ్రీ, అనగా 1903-04 ప్రాంతము, స్పష్టముగా నున్నది. కాని ప్రతిదానికిని తలపై కొండి. దానిని ఊడదీయింతునని మనుమడన్నాడు. వలదంటిమి. ఊడదీసినను టంకపు మచ్చ పోదు. శ్రేణి నిర్ణయించువారు అట్టివానికి అంకె వేయరు. చెడినదని వ్రాసి పంపుదురు. అదిగాక డెబ్బదియేండ్లుగా ప్రతి దీపావళికి లక్ష్మీపూజనాడు ఆ రూపాయలు చింతపండుతోను బూడిదతోను తోమబడినవి. తళతళలాడుచున్నవి. ఆ తళతళయే వానికి శత్రువు. వెండిపై కాలము పరచిన నల్లని పొరను ఆ పరీక్షకులు గౌరవింతురు. తోమిన నాణెమును దూరముగా నుంచుదురు. భక్తితో చేసిన శుభ్రము అంగడిలో నేరమైనది. మనుమడు తల పట్టుకొనెను. ఇంక తోమవద్దని బాపమ్మకు గట్టిగా చెప్పెను. మేము మాత్రము ఆమెను తప్పు పట్టలేకపోతిమి. ఆమె ఆ రూపాయలను అమ్ముటకు తోమలేదు.

న్యాయశాస్త్రపు చిక్కు మరియొకటి కలదు. విద్యావంతులుకూడ దీని నెరుగరు. 1972వ సంవత్సరపు పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువు. దానిని దేశము దాటించుట ప్రభుత్వమునకును, ప్రభుత్వము అధికారమిచ్చిన సంస్థకును తప్ప ఇతరులకు నిషిద్ధము. శ్రేణి వేయించి మరల తెప్పించుకొందునన్నను అమెరికాకు పంపుట పంపుటయే. 1321 నాటి రూపాయిని తపాలాలో వేసినవాడు తెలిసియో తెలియకయో చట్టము మీరినవాడగును. పొలము దున్నుచుండగా కుండతో దొరికిన నాణెములకు వేరే చట్టము, 1878 నాటిది, కలదు. పది రూపాయలకు మించిన నిధి దొరికినయెడల కలెక్టరునకు తెలుపవలెను. దొరికినది దాచి, కరిగించి, కంసాలికి వెండి తూకమున కమ్మువారు తమకును చరిత్రకును ద్రోహము చేసికొనుచున్నారు.

చరిత్ర యనగా జ్ఞాపకము వచ్చినది. గోదావరి యొడ్డున కోటిలింగాలలో దొరికిన చిన్న చిన్న నాణెములను సంగనభట్ల నరహరిశర్మగారు ఓపికతో ప్రోగుచేసిరి, పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిపై అక్షరములు చదివిరి. గోభద, నారన, సమగోప అను పూర్వమెవరును వినని రాజుల పేర్లు వెలుగులోనికి వచ్చినవి. పురాణములలో శిముకుడని చెప్పబడిన తొలి శాతవాహనుని పేరు చిముక యని నాణెముపై కనబడినది. శాతవాహనుల తొలినాళ్లను గూర్చి పండితులు మరల ఆలోచింపవలసి వచ్చినది. ఆ నాణెములలో ఎక్కువ హీనలోహపువి, తుప్పుపట్టినవి, అంచులు తరిగినవి. అమెరికా కొలతలో వానికెంత వచ్చును? వానిని గొప్పచేసినది వాని చర్మము కాదు. కోటిలింగాల మట్టిలో దొరికినవను ఆ యొక్క సంగతి. ప్లాస్టిక్ పెట్టెపై చీటీలో ఏడు, రాజ్యము, అంకె వ్రాయుటకు చోటున్నది. ఎక్కడ దొరికినది, ఎవరి చేతిలోనుండి వచ్చినది యనునది సాధారణముగా వ్రాయరు.

దండ సంగతి ముగిసినది. విడి రూపాయి మిగిలినది. చిక్కంతయు దానితోనే. దానికి కొండి లేదు. ఎవరును తోమలేదు. గుడ్డలో నుండి సమముగా నల్లబడినది, అక్షరములు నిలిచియున్నవి. 1362 హిజ్రీ, అనగా 1943. నూరేండ్లు నిండలేదు గనుక చట్టపు అడ్డును లేదు. పన్నెండింటిలో పంపదగినది ఏదైన నున్న అది యిదియే. మనుమని ముఖము వికసించినది. అప్పుడు లెక్క వేసితిమి. పరీక్షకు రుసుము, రానుపోను తపాలా, భీమా, నడుమ ఏజెంటు కూలి, ఇవన్నియు వేలలో లెక్క. ఇది విరివిగా ముద్రించిన నాటి రూపాయి; నేటికిని బజారులో దొరకుచున్నది. ఎంత మంచి అంకె వచ్చినను ఖర్చునకు చాలునని మేము నమ్మలేదు. మా యెరుకలో శ్రేణి నిర్ణయము రెండు సందర్భములలోనే కొనదగినది. నాణెము నిజమైనదా దొంగదా యను సందేహము పెద్ద ధరకు అడ్డుపడినప్పుడొకటి. హైదరాబాదు బంగారు అష్రఫీల వంటివాని కిది తరచు వచ్చును. ఒక మెట్టు పైకి పోయినంతనే ధర మారిపోవు అరుదైన రకమైనప్పుడు రెండవది. రెంటను అమ్మదలచిన మనస్సుండవలెను. అమ్మనివానికి ఆ పెట్టె అక్కరలేదు. పెట్టెలో పెట్టిన రూపాయిని తాకుటకుకూడ వీలులేదుగదా.

ఇచ్చట నొకమాట చెప్పక పోలేము. ఈ ఆశను ఆసరా చేసికొని బ్రతుకువారు పల్లెలవరకు వచ్చినారు. రామపట్టాభిషేకము ముద్రించి, కంపెనీవారి పేరును 1818 అను ఏడును వేసిన రాగి అర్ధణాలు లక్షలు చేయునని నమ్మినవారిని మేము చూచితిమి. కంపెనీవారు మద్రాసు వరహాలపై విష్ణుమూర్తిని ముద్రించినమాట నిజము. ఈ రాగి బిళ్లలు మాత్రము తరువాతివారి కల్పన, పూజకు పనికివచ్చు రామటెంకెలు. 2012లో విడుదలైన వైష్ణోదేవి బొమ్మగల అయిదు రూపాయల బిళ్ల ఇంటికి అదృష్టము తెచ్చునని మరియొక వదంతి. ముందు రుసుము కట్టుడు, పిమ్మట లక్షలిత్తుమని ఫోనులో చెప్పి, కట్టినది మ్రింగి మాయమగుదురు. రిజర్వు బ్యాంకు వారు తమ పేరు చెప్పి జరుగు ఇట్టి మోసములను నమ్మవద్దని 2021 ఆగస్టులో ప్రకటనకూడ చేసిరి. పంట పోయినవాడు, ఆడపిల్ల పెండ్లి నెత్తిపై నున్నవాడు ఇట్టివానిని ముందు నమ్మును. అతని నాణెము కంటె అతని యక్కరకే వారు శ్రేణి కట్టుచున్నారు.

ఇంతసేపును మేమును మనుమడును మాటలాడుచునే యున్నాము. బాపమ్మ గడపకడ కూర్చుండి వినుచున్నది. మాకప్పుడు సిగ్గు కలిగినది. దండ ఆమెది, ఆమె తల్లి ఆమెకు పెట్టినది. డబ్బాలోని రూపాయి ఆమెది. అమ్మవచ్చునా, పంపవచ్చునా, ఊడదీయవచ్చునా యని రెండు గడియలు విచారించిన పురుషులలో ఒక్కడును ఆమెనడుగలేదు. స్త్రీధనమును గూర్చి పత్రికలలో వ్యాసములు వ్రాసిన మాకును తట్టలేదు. ఆ విడి రూపాయి యెక్కడిదని మేమే అడిగితిమి.

"సంఘం అచ్చిన ఏడు మా అవ్వకు నాటు కూలి చేతుల వెట్టిన్రు," అన్నది. "అప్పటిదాంక గింజలే. అవి సుత ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. గా రూపాయి ఖర్సు వెట్టలే మా అవ్వ."

దేవరుప్పులకు సమీపముననే కడవెండి కలదు. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకూలిన ఊరు. తన భూమికొరకు న్యాయస్థానములలో పోరాడిన షేక్ బందగీ హతుడైన కామారెడ్డిగూడెము కూడ ఈ మండలములోనిదే. విసునూరు దేశముఖుల ఏలుబడిలో వెట్టి యనగా ఏమో ఈ సీమ వృద్ధులకు చెప్పనక్కరలేదు. చాకిరికి వెల లేని చోట ఒక స్త్రీ అరచేతిలో మొదటిసారి పడిన వెల ఆ రూపాయి. అది 1959లో చెల్లుబాటు పోగొట్టుకొన్నది. ఆ యేడే దానిని మార్చుకొనియుండిన కొన్ని నయాపైసలు వచ్చియుండును.

దాని వెల కోట్లని మేము కవిత్వము చెప్పబోము. అటువంటి మాటలు చెప్పి పేదవారి వస్తువులను పేదవారియొద్దనే యుంచు పెద్దమనుషులున్నారు. వారి సొత్తును మాత్రము వేలములో అమ్ముకొందురు. ఆ యింట అక్కర వచ్చి అమ్ముకొన్నయెడల తప్పని మేమనము. అమ్మువాడు వెండి తూకమునకు మోసపోకుండ, తెలిసినవారినిద్దరి నడిగి అమ్మవలెనని మాత్రమే అందుము. కాని ఆ నాడు వారికట్టి అక్కర లేదు, కుతూహలమే యుండెను. కుతూహలమునకు వేల రూపాయలు పోయవలసిన పనిలేదు. సైఫాబాదు పాత టంకసాలలో 2022లో తెరచిన నాణెముల ప్రదర్శనశాలకు బాపమ్మను ఒకసారి తీసికొనిపొమ్మని చెప్పితిమి. ఆ రూపాయి పుట్టిన చోటు ఆమె చూడదగినది. అంతకుముందు, ఇప్పుడే, ఒక కాగితముపై ఆమె చెప్పినది వ్రాసి డబ్బాలో నుంచుమంటిమి. ఆమె పోయిన మరునాడు ఆ రూపాయి తక్కిన రూపాయలవలె 1943 నాటి యొక వెండి బిళ్లయే యగును.

మనుమడు కలము తీసికొని వ్రాసెను. నిజాము రూపాయి, 1362 హిజ్రీ, దేవరుప్పుల, నాటు కూలి, సంఘము వచ్చిన యేడు. చదివి వినిపించెను. ముసలమ్మ తల యూపి, కొంతసేపూరకుండి, "మా అవ్వ పేరు రాసినవా బిడ్డా?" అని యడిగినది.

వానికి ఆ పేరు తెలియదు.